రఫ్ఫు గదిలో దాచిన చిల్లు

మా బావకు గర్వం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. మనవాళ్ళ గురించి రాయాల్సి వస్తే ఎవరైనా సరే ‘పాపం, నోట్లో నాలుక లేని మనిషి’ అని మొదలుపెడతారు. బావ నోట్లో నాలుక ఉంది, బాగా పొడుగ్గానే ఉంది. తన పని గురించి మాట్లాడేటప్పుడైతే దానికి పగ్గాలే ఉండవు.

ఆయన పని రఫ్ఫు. గుడ్డ చిరిగినా, కాలినా, ఎలక కొరికినా, పైన అతుకు వేయకుండా ఆ చిల్లును మళ్ళీ నేసి మూసేయడం. అందుకు దారం బయటినుంచి తెచ్చేవాడు కాదు. అదే గుడ్డ లోపలి మడతలోంచో, ఎవరి కంటా పడని అంచులోంచో ఒక్కొక్క పోగే లాగి, నిలువు పోగులు నిలువునా, అడ్డ పోగులు అడ్డంగా అల్లుకుంటూ పోయేవాడు. పరాయి దారం వాడటం ఆయన దృష్టిలో దొంగతనంతో సమానం. పని పూర్తయ్యాక చిల్లు ఎక్కడుండేదో ఎవరూ చెప్పలేకపోవాలి. ఎవరైనా చెప్పారంటే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

నగరం నడిబొడ్డున ఉన్న పాత పెద్ద హోటల్లో, చెక్క మెట్ల కింద ఆయనకొక గది ఉండేది. మెట్లు వంపు తిరిగే చోట మిగిలిపోయిన జాగాలో కట్టిన గది అది. ఒక పక్క తల వంచుకుని నడవాలి, రెండో పక్క నిటారుగా నిలబడవచ్చు. ఆ రెండో పక్కనే పొడవాటి కిటికీ. ఎండ లోపలికి సూటిగా పడదు, వెలుతురు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉంటుంది. రఫ్ఫు పనికి కావలసింది అలాంటి వెలుతురే. ‘ఈ కిటికీ నాకు పెళ్ళాం కంటే ముందు దొరికింది’ అని అక్క వినేటట్టు అనేవాడు.

నేను ఆ హోటల్లోనే ఇస్త్రీ గదిలో పనిచేసేదాన్ని. మా అక్కకు ఆయన్ను చూపించింది నేనే. అందుకే ఆయన గొప్పలు భరించలేనప్పుడల్లా అక్క ‘తెచ్చిందానివి నువ్వేగా, నువ్వే విను’ అని ఆయన్ని నా మీదకు తోసేసేది. నేను వినేదాన్ని. వినక తప్పేది కాదు, ఎందుకంటే ఆయన గదినుంచి వచ్చిన ప్రతి దుప్పటీ, ప్రతి పరదా చివరికి నా ఇస్త్రీ బల్ల మీదకే రావాలి.

వచ్చేది ఒట్టి గుడ్డ కాదు, వెనకాలే మనిషి కూడా. గుడ్డను బల్ల మీద పరిచి, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి ‘చూపించు చూద్దాం’ అనేవాడు. చిల్లు ఎక్కడుండేదో నేను కనిపెడితే ఆయన నాకు టీ తెచ్చివ్వాలి. కనిపెట్టలేకపోతే నేను ఆయనకు ఇవ్వాలి. నేను గుడ్డను వెలుతురుకు పట్టేదాన్ని, తిరగేసేదాన్ని, కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమేదాన్ని. ఆయన చేతి టీ తాగిన పాపాన మాత్రం పోలేదు.

ఇంట్లోనూ ఇదే వరస. అక్కకొక బూడిదరంగు ఊలు శాలువా ఉంది. మేకులకూ కంచెలకూ తగిలి అది చిరగని చోటు లేదు, బావ మూయని చిరుగూ లేదు. ఇంటికి ఎవరొచ్చినా అక్క మంచినీళ్ళిచ్చి, ఆ వెంటనే శాలువా వాళ్ళ ఒళ్ళో పడేసి ‘ఎక్కడ రఫ్ఫు చేశారో చెప్పండి చూద్దాం’ అనేది. వచ్చినవాళ్ళు వచ్చిన పని మరిచిపోయి శాలువాలో రఫ్ఫు వెతుక్కుంటూ కూర్చునేవారు. బావ ఒక మూల కూర్చుని పేపరు చదువుతున్నట్టు నటించేవాడు. ఆ పేపరు ఒక్కోసారి తలకిందులుగా ఉండేది.

తర్వాత హోటలు యజమాని పోయాడు. వారసులు కొట్టుకున్నారు. హోటలు మూతపడింది. నేను ఒక ఆసుపత్రి బట్టలు ఇస్త్రీ చేసే చోట చేరాను. బావ తన అల్లుడి బట్టల షాపులో, షట్టరు పక్కన ఒక కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. కొత్త ప్యాంట్లు కొనుక్కున్నవాళ్ళకు కాళ్ళు కత్తిరించి మడిచి కుట్టడం పని. బస్సులు ఆగే చోటు కావడంతో దుమ్మంతా ఆయన మొహానే కొట్టేది. ‘జనం పొడుగు పెరగడం మానేశారా ఏంటి, అందరూ కాళ్ళు కోయించుకునేవాళ్ళే’ అని విసుక్కునేవాడు. అల్లుడు మంచివాడు. తిట్టుకోవడానికి కూడా వీల్లేనంత మంచివాడు. మామగారికి కూర్చోవడానికి మెత్త కొనిపెట్టాడు, ఫ్యాను ఇటు తిప్పాడు. ఆ మంచితనానికి బావ ఇంకా కుంగిపోయాడు. చేతిలో ఉన్న పనితనాన్ని చేతిలో ఉండగానే పోగొట్టుకుంటున్నవాడికి మెత్త ఏం చేస్తుంది?

అలా కొన్నేళ్ళు గడిచాక, హోటల్ని ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు కొన్నారని తెలిసింది. పడగొట్టరట. పాత రూపం చెడకుండా బాగుచేసి, పైన గదులు మళ్ళీ బాడుగకిచ్చి, కింది అంతస్తులో పాత వస్తువుల ప్రదర్శనా, షాపులూ పెడతారట. పనిని నడిపించడానికి ఒక ఆర్కిటెక్టు వచ్చింది. అందరూ మేడమ్ అనేవారు. సన్నగా, బూట్లనిండా సున్నంతో, తలకు గుడ్డ కట్టుకుని తిరిగేది. పాత పనివాళ్ళు ఎక్కడున్నారో వాకబు చేసి, ఏ గదిలో ఏముండేదో చెప్పించుకోవడానికి ఒక్కొక్కర్నీ పిలిపించింది. అలా మమ్మల్నీ పిలిచింది. నాకు పాత పరదాలు ఉతికించి ఇస్త్రీ చేసే పని, బావకు వాటి చిరుగులు మూసే పని దొరికాయి. అవి ప్రారంభోత్సవం దాకా ఉండే పనులే.

మెట్ల కింద గది తలుపు తెరిచినప్పుడు బావ పక్కన నేనున్నాను. పావురాల రెట్టలు, విరిగిన బకెట్లు, బూజు. బావ అవేవీ చూడలేదు. తిన్నగా కిటికీ దగ్గరకెళ్ళి, జేబురుమాలు తీసి ఒక అద్దం తుడిచి, ఆ వెలుతురులో అరచేతులు చాపి చూసుకున్నాడు.

మేడమ్ ఆ సంగతి గమనించినట్టుంది. కొన్నాళ్ళకు ఆవిడే చెప్పింది, ప్రారంభమయ్యాక కూడా హోటలుకు రఫ్ఫు గది ఉంటే బాగుంటుందని, కొత్త మేనేజరుతో మాట్లాడతానని, ఆ గది బావకే ఇమ్మని గట్టిగా అడుగుతానని. ఆఖరి మాట మాత్రం మేనేజరుదే. ఆ రోజునుంచి మా రెండిళ్ళలోనూ వేరే మాట లేదు. గది వస్తుందా రాదా, వస్తే షాపు మానేస్తున్నట్టు అల్లుడికి ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి. అక్క మాత్రం ‘ఆలు లేదు చూలు లేదు’ అని నాకు వినబడేలా గొణిగింది.

మేడమ్‌తో బావకు ఒకటి రెండు సార్లు మాటా మాటా వచ్చింది. పాత వస్తువుకు చేసిన మరమ్మతు దగ్గరికొచ్చి చూసేవాడికి తెలియాలి, పాతదేదో కొత్తదేదో కలిసిపోకూడదు, అది తమ పద్ధతి అని ఆవిడ నచ్చజెప్పింది. బావకు అది అవమానంగా తోచింది. తెలిసేటట్టు కుట్టడానికి తానెందుకు, గోనెసంచులు కుట్టేవాడు చాలడా అన్నాడు. ఆవిడ నవ్వి, పరదాల వరకు మీ ఇష్టప్రకారమే కానివ్వండి అంది. మంచి మనిషి. ఇప్పటికీ ఆవిడ మీద నాకు కోపం తెచ్చుకుందామన్నా రాదు.

ఇక కుర్చీ సంగతి. ఒకప్పుడు దేశమంతా పాటలు మోగించిన గాయని ఒకావిడ, గొంతు పోయాక, ఆ హోటల్లో ఒక కిటికీ పక్కన కుర్చీలో రోజుల తరబడి కూర్చుని సిగరెట్లు కాల్చేదట. ముదురాకుపచ్చ ఊలు గుడ్డ తొడిగిన పెద్ద కుర్చీ. దాని కుడిచేతి మీద ఆవిడ సిగరెట్టు పడి కాలిన చిల్లు ఉంది. పాత యజమానికి అదొక నామోషీ. అందుకని కుర్చీల చేతులన్నిటికీ తెల్లటి తొడుగులు వేయించాడు. ఆ తొడుగులు చిరిగితే బావ ఎన్నోసార్లు మూశాడుగానీ, వాటి కింద ఏముందో ఏనాడూ చూడలేదు. మేడమ్ మనుషులు తొడుగు తీశాకే చిల్లు బయటపడింది. గాయని ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్న పాత ఫోటో కూడా దొరికింది. కొత్త మేనేజరు ఎగిరి గంతేశాడు. కింద హాల్లో ఒక మూలంతా ఆ కుర్చీకే కేటాయించాడు.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. పైకప్పు సగం విప్పి ఉంది. పై గదులన్నీ కారుతున్నాయి. కింద పొడిగా ఉండి, తలుపుకు తాళం ఉన్న గది మెట్ల కింద గదొక్కటే. మేడమ్ ఆ కుర్చీని అక్కడికే మోయించింది. తాళంచెవి బావ చేతిలో పెట్టి, ఇది ప్రాణంతో సమానం, దీని మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వకండి అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

దొంగ చేతికి తాళాలివ్వడం విన్నాను. చిల్లును భద్రంగా దాచడానికి రఫ్ఫాయన గదిని వెతుక్కున్నవాళ్ళను అప్పుడే చూశాను. ఎవర్నీ అంటే తనను కాదనే బావ అనుకున్నాడు. మామూలువాడే అలా అనుకుంటాడు, ఆయన సంగతి చెప్పాలా. పైగా ఆయనకు తలకొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు తన ముక్కు కింద, తాను మూసిన తొడుగు కిందే ఒక చిల్లు తనను వెక్కిరిస్తూ కూర్చుందా? ఆ గదిలోకి చిల్లుతో వచ్చిన వస్తువు చిల్లుతో బయటికి పోయింది లేదు. మేడమ్ తనకు గది ఇప్పిస్తానంది, తాను ఆవిడకు ఇది చేసిపెడతాడు. ఇదీ ఆయన లెక్క.

కుర్చీని బోర్లించి, అడుగున చెక్కకు కొట్టిన గుడ్డ అంచులోంచి పోగులు లాగాడు. కాలి గట్టిపడిన అంచును గోటితో రాల్చేశాడు. వానలు తగ్గేవరకు కిటికీ ముందునుంచి కదల్లేదు. నేను పరదాలు తీసుకెళ్ళినప్పుడల్లా కుర్చీ మీద దుప్పటి కప్పి ఉండేది. ఏమిటి బావా అంటే, మీసంలో నవ్వుకుని ‘చూద్దువుగాని’ అన్నాడు.

ఎండ వచ్చిన రోజు మేడమ్ ఒక ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చింది. నేను గుమ్మంలో ఉన్నాను. బావ దుప్పటి లాగేసి, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తాడు.

“చూపించండి చూద్దాం.”

ఆవిడకు అర్థంకాలేదు. కుర్చీ చుట్టూ తిరిగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. వంగి, కుర్చీ కుడిచేతి మీద అరచేత్తో తడిమింది. నేను నా బల్ల మీద తడిమినట్టే. ఆవిడ మొహంలోంచి రక్తం దిగిపోవడం నేను చూశాను. బావ చూడలేదు. ఆయన ఆ తడమడాన్ని చూసి మురిసిపోతున్నాడు.

“దొరకదండీ,” అన్నాడు. “మీరేంటి, నేను వెతికినా దొరకదు.”

ఆవిడ అరవలేదు. వెనక్కి జరిగి, మెట్ల మీద కూర్చుంది. “ఆవిడ ఇక్కడున్నారనడానికి మిగిలింది ఆ చిల్లొక్కటేనండీ,” అంది.

“చిల్లు మిగలడమేంటమ్మా?” బావ నిజంగానే అడిగాడు. “చిల్లంటేనే అక్కడేమీ లేకపోవడం కదా.”

ఆవిడ లేచి ఫోటోగ్రాఫరును పంపేసింది.

మధ్యాహ్నానికి మేనేజరు దిగాడు. నున్నగా గీసుకున్న గడ్డం, నున్నటి మాట. విప్పేయండి అన్నాడు, దాన్లో ఏముంది, కట్టినవాళ్ళకు విప్పడం తెలియదా అని. బావ సూది, భూతద్దం తీసుకుని కిటికీ దగ్గర కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదట్లో ఆయన పెదవుల మీద చిన్న నవ్వుంది, చూశారా నా పని అన్నట్టు. కాసేపటికి అది పోయింది. చెమట పట్టింది. భూతద్దం పక్కన పెట్టి వేళ్ళతో వెతికాడు, చెంప ఆనించి చూశాడు. ఇక్కడే అన్నాడు, కాదు ఇటు అన్నాడు. చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూశాడు. తన పందెంలో తానే గెలిచాడో, తానే ఓడాడో నాకు ఇప్పటికీ తేల్చుకోవడం రాదు. పక్కన ఎవరూ లేకపోతే ఇద్దరం నవ్వేవాళ్ళమేమో.

మేడమ్ అప్పుడు ఒక మాట చెప్పింది. ఉన్నదున్నట్టే రాద్దాం అంది. గాయని ఫోటో పెడదాం. ఇక్కడ సిగరెట్టు పడి చిల్లుండేదని, దాన్ని ఈ హోటలు రఫ్ఫాయన ఎవరికీ దొరక్కుండా మూసేశాడని, దొరుకుతుందేమో మీరూ వెతకండని రాద్దాం అంది. అంతకంటే గొప్ప మాట బావ గురించి ఎవరూ అనలేదు, ఇక అనరు.

మేనేజరు నవ్వేశాడు. “లేని చిల్లును చూడ్డానికి ఎవరొస్తారు మేడమ్?”

మళ్ళీ కాల్చేద్దాం అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు, అది అబద్ధం అంది. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో పోట్లాడుకుంటూ హాలు చివరిదాకా వెళ్ళారు. తిరిగొచ్చింది మేనేజరొక్కడే. ఆవిడ ప్రారంభం దాకా పనిచేసి వెళ్ళిపోయింది. మెట్ల వైపు మాత్రం మళ్ళీ రాలేదు.

మేనేజరు బావ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ గది మీకే ఇద్దామని మాకూ ఉంది, కానీ కుర్చీ ఇలా పాడైపోయాక పైవాళ్ళకు ఏ మొహంతో చెప్పమంటారు అన్నాడు. పాడైపోయాక అనే అన్నాడు. చేసినవాళ్ళ చేతులమీదుగానే సరిదిద్దుకుంటే అందరికీ మర్యాదగా ఉంటుందట. ఆలోచించుకుని రమ్మన్నాడు.

ఇంట్లో అక్క ఆలోచించుకునే పని పెట్టలేదు. “మూయమని వాళ్ళడగలేదు, మీరు మూశారు. ఇప్పుడు చిల్లు పొడవమని అడుగుతున్నారు, మీరు పొడవకండి. సరిపోయింది. షాపులోనే కూర్చోండి,” అంది.

“ప్యాంటు కాళ్ళు కోసుకుంటూ చావమంటావా?” అన్నాడు బావ. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడటం నేను ఎరగను.

అక్క లేచి ఆయనకు అన్నం వడ్డించింది. ఆ కిటికీ తనకంటే ముందు వచ్చిందని ఆవిడకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే పని కానిచ్చారు. మేనేజరు సిగరెట్టు పెట్టె తెచ్చాడు. బావ పుట్టి బుద్ధెరిగి సిగరెట్టు తాగలేదు. వెలిగించడానికి పీల్చమంటే పీల్చి, ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దగ్గు నీళ్ళే అనుకుందాం. పాత ఫోటో ఎదురుగా పెట్టుకుని, గాయని చెయ్యి ఎక్కడుందో చూసి, మేనేజరు వేలు పెట్టి చోటు చూపించాడు. బావ సిగరెట్టు అక్కడ ఆనించాడు. ఊలు కాలితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. ఆ కంపు మెట్లెక్కి పైదాకా పోయింది.

మేనేజరు వంగి చూశాడు. ఇంకొంచెం పెద్దదైతే బాగుండు, ఫోటోల్లో కనబడాలి కదా అన్నాడు. బావ సిగరెట్టు మళ్ళీ ఆనించాడు.

నాకు కడుపు మండిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలన్నారు. కడిగిన కాలును మళ్ళీ అడుసులో పెట్టించినవాణ్ణి ఏమనాలో పెద్దలు చెప్పలేదు. మెత్తటి చేతుల మేనేజరుకు ఇది ఒక పొద్దుటి పని, ఆ వెంటనే చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ కుర్చీ చుట్టూ తాడు కట్టి ఉంది. చిల్లు మీద గాజు మూత పెట్టారు. పక్కన పలక మీద గాయని గురించి, ఆవిడ దుఃఖం గురించి, ఆవిడ వేళ్ళ మధ్యనుంచి జారిన సిగరెట్టు గురించి మంచి మంచి మాటలు రాసి ఉన్నాయి. జనం వంగి, నోరు తెరిచి చూస్తారు. ఒకావిడ కళ్ళొత్తుకోవడం కూడా చూశాను. ఆ చిల్లుకు జానెడు దూరంలోనో, బెత్తెడు దూరంలోనో బావ చేసిన అన్ని పనుల్లోకీ గొప్ప పని ఉంది. దానివైపు ఎవరూ చూడరు. చూసినా దొరకదు.

గది వచ్చింది. మాట తప్పారని అనను. గోడలకు వెల్ల వేశారు, కిటికీ అద్దాలు మార్చారు, తలుపు పీకేసి దాని స్థానంలో నిలువెత్తు గాజు పెట్టారు. బావ పాత బల్ల, పాత పీట, పాత దీపం అన్నీ అక్కడే. బావ షాపులో చివరి ప్యాంటు మడిచి కుట్టి, అల్లుడి చేతులు పట్టుకుని, చెప్పలేక చెప్పలేక చెప్పాడు. అల్లుడు సంతోషించి మెత్త కూడా ఇచ్చి పంపాడు.

పనే రాలేదు. ఆ హోటల్లో దుప్పటి చిరిగితే అవతల పారేస్తారు. పాత పరదాలు చిరిగితే, అది పాతదనం కాబట్టి అలాగే ఉంచుతారు. బావ కొన్నాళ్ళు గాజు వెనక ఖాళీ చేతులతో కూర్చున్నాడు. అప్పుడు మేనేజరు ఒక తెల్లటి నాప్‌కిన్ తెచ్చాడు. మధ్యలో గుండ్రంగా కత్తిరించిన చిల్లు. దాంతోపాటు ఒక ఎర్రదారం ఉండ. దీనితో చేయండి అన్నాడు.

తెల్లగుడ్డ మీద ఎర్రదారమేమిటని బావ అడిగాడు.

“కనబడని పని చూడ్డానికి ఎవరొస్తారండీ?” అన్నాడు మేనేజరు.

అప్పటినుంచి ఇదే పని. పొద్దున్నే నాప్‌కిన్‌ను చట్రానికి బిగించి ఎర్రదారంతో అల్లడం మొదలుపెడతాడు. జనం గాజు అవతల నిలబడి చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు. సాయంత్రానికి చిల్లు మూసుకుంటుంది. వెళ్ళేముందు ఆ దారమంతా తనే లాగేస్తాడు, రేపటికి చిల్లు కావాలి కాబట్టి.

మొదట్లో ఇంటికొచ్చి తిట్టేవాడు. మేనేజరును, నాప్‌కిన్‌ను, గాజును, చూసేవాళ్ళను. నాకు అప్పుడు ధైర్యంగానే ఉండేది. తిడుతున్నంతకాలం మనిషి మనిషిలాగే ఉంటాడు. తర్వాత తిట్లు తగ్గాయి. ఒకరోజు ఎవరో పిల్లలు గాజు అవతల నిలబడి చప్పట్లు కొట్టారని చెప్పాడు. ఇంకో రోజు పేపరులో ఫోటో వచ్చింది, కత్తిరించి ఫ్రేము కట్టించాడు. మీసానికి నూనె రాయడం మొదలుపెట్టాడు. ఎర్రదారంలో కూడా పనితనం ఉందిలే, అందరికీ రాదు అని ఒకసారి అన్నాడు. అక్క నా వైపు చూసింది. నేను ఇస్త్రీ పెట్టె వైపు చూశాను. గర్వానికి ఏదో ఒక మేత కావాలి. కావలసింది లేనప్పుడు దొరికింది మేస్తుంది.

మొన్న చలి మొదలైనప్పుడు అక్క బూడిదరంగు శాలువా బయటికి తీసింది. గేటు గడియకు తగులుకుని భుజం దగ్గర చీరుకుపోయింది. రఫ్ఫు చేయమని బావ చేతికిచ్చింది. ఆయన గదికే తీసుకెళ్ళాడు. అందరూ చూస్తుండగా చేశాడట, చూసినవాళ్ళు భలే మెచ్చుకున్నారట. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. హుషారుగా వచ్చాడు. శాలువాను బల్ల మీద పరిచాడు. పరవకముందే, ఆయన గుమ్మంలో ఉండగానే, నాకు కనబడింది. బూడిదరంగు మీద అరచేతి వెడల్పున ఎర్రగా, చక్కగా, వరసలు తప్పకుండా.

బావ చేతులు కట్టుకున్నాడు. గడ్డం పైకెత్తాడు. చేతికి కొత్త అలవాటు వచ్చిందిగానీ నోటికి పాత అలవాటు పోలేదు.

“చూపించు చూద్దాం,” అన్నాడు అక్కతో.

నేను ఏదో ఒకటి అనేద్దామనుకున్నాను. ఎగతాళి చేస్తే గుచ్చుకుంటుంది, గుచ్చుకుంటే కళ్ళు తెరుచుకుంటాయి అనుకున్నాను. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. శాలువా వైపు ఒకసారి చూసింది. ఇన్నేళ్ళలో ఆ మాటకు అక్క ఎప్పుడూ ఊరికే జవాబు చెప్పలేదు. వెలుతురుకు పట్టేది, తిరగేసేది, తిట్టుకుంటూ తడిమేది, ఎంతో సేపు వెతికాక గానీ ఓటమి ఒప్పుకునేది కాదు. ఈసారి శాలువాను చేత్తో ముట్టుకోలేదు.

“ఎక్కడా కనబడ్డం లేదండీ,” అంది.

బావ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. అక్క మొహంలోకి చూశాడు, తర్వాత శాలువా వైపు చూశాడు. ఆయన చెయ్యి తనంతట తానే ముందుకొచ్చి, ఆ ఎరుపు మీద ఆగి, మెల్లగా దాన్ని కప్పింది. అరచెయ్యి సరిపోలేదు. ఒక పక్క కొంచెం కనబడుతూనే ఉంది.

పందెం ప్రకారం టీ ఆయనకే రావాలి. నేనే లేచి పెట్టాను. బావ గ్లాసు అందుకుని, గోడ వైపు తిరిగి తాగాడు.